వాగ్దానాల పెట్టెకు తెల్ల లేసు

మా చర్చిలో కొత్త సంవత్సరం మొదటి రోజు పొద్దున ఆరాధన ముగిశాక, ఇంటికొకరు చొప్పున ముందుకొచ్చి ఒక చీటీ తీసుకుంటారు. చీటీ మీద బైబిల్లోని ఒక వాక్యం రాసి ఉంటుంది. ఆ ఏడాదికి ఆ ఇంటికి దేవుడిచ్చిన వాగ్దానం అదే. కొందరు దాన్ని గోడకి అంటిస్తారు. కొందరు బీరువాలో చీరల మడతల్లో పెట్టుకుంటారు. ఒకప్పటి మా ఆయనలాంటివాళ్లు చొక్కా జేబులో మరిచిపోతే చాకిరేవులో అది ముద్దవుతుంది. ఆ చీటీలు ఇరవై రెండేళ్లుగా నేనే రాస్తున్నాను.

గొప్పకి చెప్పడం లేదు అని రాయబోయి ఆగాను. కొంచెం గొప్పకే చెబుతున్నాను. దేవుడు క్షమించాలి.

నేను బడికి వెళ్లలేదు. మా పుట్టిల్లు గోదావరి మధ్య లంకలో. బడికెళ్లాలంటే పడవ దాటాలి. చిన్నప్పుడు నాకు ఆయాసం ఉండేది. మంచు పడే నెలల్లో రేవు దాకా నడిస్తే చాలు, పెదాలు నీలంగా అయిపోయేవట. అందుకని మా అమ్మే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పింది. ఆవిడకి పొద్దస్తమానం లేసు పని. రెండు చేతులూ దారంలో ఉండేవి కాబట్టి వాకిట్లో ఇసకలో కాలి బొటనవేలితో అక్షరం గీసి చూపించేది. పక్కింటావిడ చూసి, "అక్షరాన్ని కాలితో రాస్తావేంటి వదినా, తప్పు కాదూ?" అంటే, "చేతులు ఖాళీ లేవని దేవుడికి తెలుసులే వదినా" అనేది.

అమ్మ నాకు మూడు నేర్పింది. ఒకటి రాయడం. కలం నొక్కి రాయమనేది, నీ మాట నువ్వే నమ్మనట్టు పైపైన గీకకు అనేది. అందుకని ఇప్పటికీ నేను రాస్తే కాగితం వెనక్కి అక్షరాలు పొంగుతాయి. రెండోది లేసు అల్లడం. మూడోది, విసుగొచ్చినప్పుడల్లా ఒకసారి స్తోత్రం అనుకోవడం. అలా అనుకుంటే విసుగు సగం తగ్గుతుందని చెప్పింది. మిగతా సగం ఏం చేసుకోవాలో చెప్పలేదు.

ఇదంతా ఎందుకంటే, నా దగ్గర ఏ పాసూ ఫెయిలూ కాగితం లేదు. ఏడాదికోసారి నూట ముప్పై ఇళ్లకి వెళ్లే ఆ చీటీలే నా సర్టిఫికెట్టు. కిందటేడు నవంబరులో ఆ సర్టిఫికెట్టుకి ఎసరొచ్చింది.

ఇన్నేళ్లూ చీటీల్ని బిస్కెట్ల రేకు డబ్బాలో వేసి బల్ల మీద పెట్టేవాళ్లం. మూత మీద కుక్కపిల్లని ఎత్తుకున్న ఒక దొరల పిల్ల బొమ్మ. ముక్కు దగ్గర తుప్పు పట్టింది, అంతే, డబ్బా బాగానే ఉండేది. ఆ నెల చర్చి కమిటీ మీటింగులో మా యూత్ సెక్రటరీ లేచాడు. భీమవరంలో బ్యాంకు ఉద్యోగం అతనికి, మంచివాడే.

"ఆంటీ, మీ చేతిరాత ముత్యాలండి. కాదనట్లేదు. కానీ ఆ డబ్బా చూడండి. పోయినసారి గ్రూపులో ఫోటో పెడితే, దుబాయ్‌లో ఉన్న మనవాళ్లు 'చర్చిలో బిస్కెట్లు పంచుతున్నారా' అని అడిగారండి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"రాజమండ్రిలో అచ్చు వేయిస్తే రంగుల కార్డులొస్తాయి. వెనకాల మన చర్చి బొమ్మ. ఆంటీకి కూడా శ్రమ తగ్గుతుంది కదండీ."

నా శ్రమ తగ్గించమని నేనెవరినీ అడగలేదు. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఎవరి మనసూ నొప్పించలేని మనిషి. అటూ ఇటూ చూసి, "ఈ ఏటికి చేతిచీటీలే ఉంచుదామండి. పెట్టె మాత్రం మంచిది చేయించి, అలంకరించి పెడదాం. అది చూశాక సంఘం ఎలా అంటే అలా" అన్నారు.

నాకర్థమైంది. పెట్టె బాగుంటే చీటీలుంటాయి. పెట్టె బాగోకపోతే రాజమండ్రి.

మర్నాడే వడ్రంగి మేస్త్రి దగ్గరికెళ్లాను. పనిలో ఉన్నాడు.

"మేస్త్రిగారూ, చర్చికి ఒక పెట్టె కావాలండి."

ఆయన చిత్రిక పక్కన పెట్టి, తలకి చుట్టిన తువ్వాలు విప్పేశాడు. "అయ్యో. ఎవరండీ పాపం?"

"ఎవరూ లేరండీ బాబూ! అందరూ బాగానే ఉన్నారు. చీటీలు వేసుకునే పెట్టె."

"అదా అండీ!" అని తువ్వాలు మళ్లీ చుట్టుకున్నాడు. "చర్చికి పెట్టె అంటే నాకు ఇంకోటి తెలీదండి, ఏమనుకోకండి."

నవ్వుకుని వచ్చేశాను. ఆ మాట అక్కడే చెవిన పెట్టుకుని ఉంటే ఇంత రాసే పని ఉండేది కాదు.

నాలుగు రోజులకి పెట్టె వచ్చింది. ఎవరింటి గుమ్మానికో పోగా మిగిలిన టేకు ముక్కలతో చేశాడట. మూరెడు పొడవు, జానెడు ఎత్తు, చదునైన మూత, వెనక రెండు మడతబందులు. చిత్రిక పట్టిన చెక్క తేనెరంగులో ఉంది. మా అత్తయ్యగారికి ఎనభై దాటాయి, చూపు పోయి ఆరేళ్లయింది. పొద్దంతా వసారాలో మంచం మీదే ఉంటారు. పెట్టె ఆవిడ ఒళ్లో పెట్టాను. నాలుగు వైపులా తడిమి చూశారు.

"నున్నగా ఉందే అమ్మాయ్. ఇంకేం చెయ్యకు దీనికి."

"అలంకరించమన్నారండీ అత్తయ్యా."

"ఎవడు?"

"అయ్యగారు."

"ఆయన పెళ్లాం జడలో పువ్వు పెట్టుకుంటేనే చూడ్డాయన. ఆయనకేం తెలుసు అలంకారం?"

నేను చీటీలు రాసుకునే పనిలో పడ్డాను. వంద పైన వాక్యాలు ఏరాలి, ఒకటి రెండుసార్లు రాకూడదు, గద్దింపు వాక్యాలు రాకూడదు. ఒకసారి తెలీక అలాంటిది ఒకటి వెళ్లిపోతే, అది వచ్చినావిడ ఏడాదంతా నాతో మాట్లాడలేదు. నేను అలా తలదించుకుని ఉండగా మా ఆయన సాయం చేయడానికి పూనుకున్నారు.

ఆయన రొయ్యల చెరువుల దగ్గర సూపర్‌వైజరు. ఏ వస్తువైనా ఉప్పుగాలికి పాడైపోతుందని భయం ఆయనకి. అందుకని ఏం కనపడినా ఏదో ఒకటి పూసేస్తారు. నేను కూర దింపి వచ్చేసరికి పెట్టె నిండా తడి తడిగా వార్నీషు.

"ఏంటండీ ఇది?"

"వార్నీషే. చెక్కకి అది ప్రాణం."

"నన్నడగొద్దూ?"

"ప్రాణం పోసేటప్పుడు అడుగుతారేంటే ఎవరైనా?"

ఎండ తగలాలని పెట్టెని తీసుకెళ్లి పిట్టగోడ మీద పెట్టారు. సార్వా వరి కోతల రోజులు. మా గోడ అవతలి చేలోకి ఆ రోజే కోతమిషను దిగింది. మిషను తిరిగిన గంటలో గాలికి లేచిన పొట్టంతా వచ్చి పెట్టె మీద వాలింది. తడి వార్నీషు దాన్ని వదులుతుందా? సాయంత్రానికి నా తేనెరంగు పెట్టె నువ్వులద్దిన అరిసెలా తయారైంది.

"ఆరాక దులిపితే పోతుంది" అన్నారు ఆయన.

పోలేదు. స్తోత్రం అనుకున్నాను. పొట్టు ఉందంటే పంట ఇంటికొచ్చినట్టే, కృతజ్ఞత లేకుండా ఎలా? కానీ పళ్లు బిగపట్టి అనుకున్న స్తోత్రం అది.

తరవాతి వంతు మా అమ్మాయిది. నర్సాపురంలో డిగ్రీ చదువుతోంది. ఫోనులో చూడని విద్య లేదు. పెట్టెని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అమ్మా, ఈ టెక్స్చర్ సూపర్‌గా వచ్చింది తెలుసా? వీడియోల్లో దీనికోసం ఇసక అంటిస్తారు."

"అది పొట్టు తల్లీ."

"అదే. దీని మీద గోల్డ్ వేస్తే యాంటిక్ లుక్కొస్తుంది. నువ్వు టెన్షన్ పడకు, నాకొదిలెయ్."

"వదలను" అన్నాను. అలా అని కూడా, బుధవారం ప్రార్థన కూడికకి వెళ్లాను. గంటన్నర. తిరిగొచ్చేసరికి పెట్టె మీద బంగారు మెరుపుల పొడి. పెట్టె మీదే కాదు, మంచం మీద, అత్తయ్యగారి తెల్ల జుట్టులో, చారుగిన్నె మూత మీద. మూత తీసి చూస్తే చారులో కూడా. ఫ్యాను వేసి ఉండగా చల్లిందట.

"ఏంటే ఇది?"

"ఫ్యాన్ సంగతి మర్చిపోయానమ్మా. వీడియోలో వాళ్లకి ఏసీ ఉంటుంది కదా."

మర్నాడు మా ఆయన చెంప మీద మెరుపుతోనే చెరువుల మీదకెళ్లారు. కూలీలు "ఏ పెళ్లి నించొస్తన్నారండీ బాబూ" అని అడిగారట. ఇంటికొచ్చి అదేదో నేను చేసినట్టు చెప్పారు నాకు. అత్తయ్యగారు మంచం మీంచి, "ఇంకేం చెయ్యొద్దన్నాను కదే" అన్నారు. అది కూడా నాకే. ఈ ఇంట్లో ఎవరేం చేసినా సంజాయిషీ నేనే చెప్పాలని ఎవరు రాశారో తెలియదు.

డిసెంబరు సగం అయిపోయింది. క్రిస్మసు పని నెత్తి మీద ఉంది. ఇల్లు వెల్ల వేయించాలి, నక్షత్రం కట్టించాలి, అరిసెల పిండి కొట్టించాలి. చీటీలు ఇంకా నలభై బాకీ. పెట్టె చూస్తే పొట్టూ మెరుపులూ కలిసి, గజ్జి పట్టిన గుడ్డేలుగులా ఉంది. అప్పుడు నేనొక నిర్ణయానికొచ్చాను. ఇక ఎవరూ వేలు పెట్టకూడదు. దీన్ని పూర్తిగా గుడ్డతో కప్పేసి, దాని మీద నా చేతి లేసు వేస్తాను. మా అమ్మ నేర్పిన రెండు విద్యలూ ఒకే బల్ల మీద, పైన లేసు, లోపల రాత. సంఘం చూడనీ.

ఆ ఆలోచన ఎంత బాగుందనిపించిందంటే, అది దేవుడే ఇచ్చాడని కూడా అనుకున్నాను. ఆయన మీద ఎన్ని తోసేస్తామో!

తెల్ల శాటిన్ గుడ్డ తెప్పించాను. తెలుపయితే వెనక వరసలోవాళ్లకి కూడా కనిపిస్తుంది. బయట బంకపెట్టి సాపుగా అంటించాను. లోపల కుచ్చిళ్లు పోశాను, మెత్తగా ఉంటే చీటీలు నలగవని. మూత అంచుకి చుట్టూ లేసు. ముప్పై ఆరు పువ్వులు, ఒకదానికొకటి ఆనుకుని, మధ్యలో సందు లేకుండా. పదిరోజులు పట్టింది. మధ్యాహ్నాలు కునుకు మానేశాను. పండగ వంటల్లో ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో సూది. అన్నీ అయ్యాక మూత మీద ఖాళీగా ఉందనిపించి, నడిమధ్యన ఒక సిలువ అల్లాను. తెలుపు మీద తెలుపు కనపడదు కదా, అందుకని నల్ల దారంతో.

డిసెంబరు ముప్పయ్యో తారీఖు మధ్యాహ్నానికి అయిపోయింది. వసారాలో బల్ల మీద పెట్టి, రెండడుగులు వెనక్కేసి చూసుకున్నాను. ఒక్క పోగు వంకర లేదు. మా అమ్మ చూస్తే బాగుండు అనుకున్నాను.

మా ఆయన భోజనానికొచ్చారు. పెట్టెని చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. చెప్పులు విప్పి, మెల్లిగా లోపలికొచ్చారు.

"ఎలా ఉందండీ?"

"బాగానే ఉంది" అన్నారు, గొంతు తగ్గించి.

పదిరోజుల పనికి 'బాగానే'! అమ్మాయి కాలేజీ నుంచి వచ్చింది. ఇడ్లీ ఉబ్బినా ఫోటో తీసే పిల్ల, ఫోను తియ్యలేదు. "నీట్‌గా ఉందమ్మా" అని లోపలికెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండింది. మెరుపుల పొడికేమో సంబరం, తల్లి చేతిపనికేమో నీట్‌! ఇలాంటివాళ్లకి వండి పెడుతున్నందుకు కూడా స్తోత్రం చెప్పుకోవాలా ప్రభువా అని అడిగాను కూడా.

"ఏదీ, అయిపోయిందన్నావుగా, ఇలా ఇవ్వు" అన్నారు అత్తయ్యగారు.

కనీసం ఆవిడైనా లేసు తెలిసిన మనిషి. ఒకప్పుడు ఆవిడ లేసుకి ఈ చుట్టుపక్కల పేరు. మురిపెంగా తీసుకెళ్లి ఒళ్లో పెట్టాను. ఆవిడ వేళ్లు ముందు అంచు పట్టుకున్నాయి. ఒక్కో పువ్వే లెక్కపెడుతున్నట్టు చుట్టూ తిరిగాయి. మూత ఎత్తి లోపల కుచ్చిళ్లు నిమిరారు. మూత వేసి పైన తడిమారు. సిలువ చేతికి తగిలింది. అక్కడ ఆగిపోయారు.

"ఎవరి బిడ్డే అమ్మాయ్?"

నాకు మొదట అర్థం కాలేదు. తరవాత పెట్టె వంక చూశాను. తెల్ల గుడ్డ, లోపల కుచ్చిళ్లు, అంచుకి లేసు, మూత మీద నల్ల సిలువ. మూరెడు పొడవు. సమాధుల దొడ్డికి వెళ్లే అలాంటి పసిబిడ్డల పెట్టెలు మా చర్చిలో ఎన్నిసార్లు చూశాను! ఎన్నిటికి గుడ్డ అంటించడానికి నన్నే పిలిచారు! చేతులకి అలవాటైన పని అవి చేసుకుపోయాయి, నేను చూసుకోలేదు.

"ఎవరి బిడ్డా కాదండీ అత్తయ్యా. చీటీల పెట్టెండి. మన చీటీల పెట్టె."

ఆవిడ విన్నారో లేదో. వేళ్లు మళ్లీ లేసు మీదకొచ్చాయి. "నా పెద్దదానికి నేనే కుట్టాను" అన్నారు. "ఇంత దగ్గర దగ్గరగా కుట్టలేకపోయాను. పొద్దు చాల్లేదు."

మా ఆయన కంటే ముందొక ఆడపిల్ల పుట్టి పోయిందని పెళ్లయిన కొత్తలో ఎవరో చెప్పగా విన్నాను. ఆవిడ నోట ఆ మాట రావడం అదే మొదలు. మా ఆయన వచ్చి తల్లి పక్కన మంచం పట్టె మీద కూర్చున్నారు. చెరువుల మీద మోటార్ల చప్పుడు వినపడుతోంది.

చివరికి ఆవిడే పెట్టెని నా వైపు తోసి, "తీసెయ్" అన్నారు. "లేసు మాత్రం పారెయ్యకు. మంచి పని. నా దిండుకి కుట్టు."

వంటింట్లోకొచ్చాక ఆయన్ని పట్టుకున్నాను.

"మీకు చూడగానే తెలిసింది కదూ?"

"తెలిసింది."

"మరి చెప్పొద్దూ?"

"పదిరోజులు కునుకు లేకుండా కుట్టావు. ఏమని చెప్పనే?"

"నేనూ అనుకున్నానమ్మా" అంది అమ్మాయి తలుపు చాటునుంచి. "కానీ నువ్వు చాలా హ్యాపీగా ఉన్నావు."

అడక్కుండా వార్నీషు పూస్తారు, వద్దంటే మెరుపులు చల్లుతారు, చెప్పాల్సిన ఒక్క మాట మాత్రం మర్యాద అడ్డొచ్చి చెప్పరు! ఇలాంటి మనుషుల్ని నేనెక్కడా చూడలేదు. ఆ సాయంత్రం నాకు స్తోత్రం రాలేదు. ప్రయత్నించాను, రాలేదు. అమ్మ మీద కూడా కోపమొచ్చింది.

మర్నాడు పొద్దున కత్తెర పట్టుకుని కూర్చున్నాను. లేసు జాగ్రత్తగా కోసి విడిగా పెట్టాను. శాటిన్ లాగితే సగమే వచ్చింది. మిగతాది వేడినీళ్ల గుడ్డ వేసి, చాకుతో గీకాను. దాని కింద మెరుపులు. మెరుపుల కింద పొట్టు. పొట్టు కింద వార్నీషు. ఆయన ఆ పూట చెరువులకి సెలవు చెప్పి, గరుకు కాగితాలు తెచ్చి ఒకటి నా చేతిలో పెట్టారు, ఒకటి ఆయన తీసుకున్నారు. పిలవకుండానే అమ్మాయి వచ్చి మూత పట్టుకుంది. ముగ్గురం మధ్యాహ్నం దాకా రుద్దాం. రుద్దగా రుద్దగా చెక్క బయటపడింది గానీ, తేనెరంగు రాలేదు. ఎండిన చెరువు అడుగులా తెల్లతెల్లగా మచ్చలు. మడతబందుల మూలల్లో నాలుగు మెరుపులు ఎంత గీకినా పోలేదు.

"పెయింట్ వేసేద్దామా?" అన్నారు ఆయన.

నేను చూసిన చూపుకి డబ్బా మూత తెరవలేదు.

కొత్త సంవత్సరం పొద్దున ఆ పెట్టే బల్ల మీదకెళ్లింది. వార్నీషు వాసన ఇంకా ఉంది. సెక్రటరీ ఫోను పట్టుకుని వచ్చి చూసి, "ఆంటీ, డెకరేషన్‌కి టైం సరిపోలేదాండీ?" అన్నాడు.

"చేశాను బాబూ. చేసి తీసేశాను."

"తీసేశారా! పోనీ ఫోటో ఉందాండీ?"

లేదన్నాను.

మా చర్చిలో వయసులో పెద్దవాళ్లతో చీటీ మొదలుపెట్టిస్తారు. అత్తయ్యగారిని అమ్మాయి చెయ్యి పట్టుకుని నడిపించింది. ఆవిడ పెట్టెలో చెయ్యి పెట్టి, చాలాసేపు కలియబెట్టి, ఒకటి తీశారు. అమ్మాయి చెవిలో చదివింది. చిన్న వాక్యం, నాలుగే మాటలు. ఆవిడ తలాడించి, చీటీని తిరగేసి వెనకవైపు బొటనవేలితో రుద్దుకుంటూ వచ్చి కూర్చున్నారు. మిగతా నూట ఇరవై తొమ్మిదీ ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. ఖాళీ పెట్టె నేనే మోసుకుని వస్తుంటే, గట్టు మీద నేను జారిపడకూడదని మా ఆయన వెనకాలే నడిచారు.

జనవరి నెల కమిటీలో తేల్చారు. వచ్చే ఏటి నుంచి రాజమండ్రి కార్డులే. ఎవరూ గట్టిగా అనలేదు, ఎవరూ కాదనలేదు. అయ్యగారు నా వైపు చూసి, "పెట్టె మాత్రం ఆంటీగారిదే వాడదామండి. సింపుల్‌గా, మోడరన్‌గా ఉంది" అన్నారు. చప్పట్లు కొట్టారు. చీటీల్ని నిలబెట్టుకోవడానికి పెట్టె కోసం అంత పాటు పడితే, పెట్టె నిలిచింది, చీటీలు పోయాయి! నేను లేచి నిలబడి, వందనాలండి అన్నాను. ఇంకేమనాలి?

ఇంటికొచ్చి అత్తయ్యగారి మంచం పక్కన కూలబడ్డాను. సంగతి చెప్పాను.

"అచ్చు కార్డంటే ఎలా ఉంటుందే?"

"నున్నగా ఉంటుందండీ. మెరుస్తుంది."

"నున్నగా ఉంటే నాకేం తెలుస్తుంది?" అని దిండు కిందకి చెయ్యి పోనిచ్చారు. ఆ దిండుకి అప్పటికే నా ముప్పై ఆరు పువ్వులూ కుట్టేశాను. కింద నుంచి చీటీల కట్ట తీశారు. ఆరేళ్లవి, ఆరు. ఒక్కోదాని వెనక బొటనవేలితో తడిమి చూసి, "ఇది ఈ ఏటిది. ఇది నాకు కాలు విరిగిన ఏటిది. ఇది మనవరాలు కాలేజీలో చేరిన ఏటిది" అని ఒక్కొక్కటే నా ఒళ్లో వేశారు. తిప్పి చూశాను. ఒక్కటీ తప్పు పోలేదు.

ఇరవై రెండేళ్లలో నా రాతని ఎవరైనా అలా చదువుకుంటారని నాకు తెలీదు. "మీ ఒక్కరికీ రాస్తానండీ అత్తయ్యా. ఎన్నేళ్లయినా రాస్తాను" అన్నాను.

"ఒక్కటేనా?"

"అవునండీ. మీకొక్కటేగా."

"ఒక్కటే రాసి, అందులోంచి నన్ను తియ్యమంటే అది తియ్యడమెలా అవుతుందే? నువ్విచ్చినట్టవుతుంది గానీ దేవుడిచ్చినట్టవుతుందా? అన్నీ రాయాలి. కలపాలి. అప్పుడు తీస్తాను."

"నూట ముప్పయ్యా అండీ?"

"మరి?"

ఆవిడతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో లేరు. పైగా ఈసారి ఆవిడ మాటలో తప్పెక్కడుందో వెతికినా నాకు దొరకలేదు.

ఇప్పుడు మళ్లీ డిసెంబరు. రాజమండ్రి నుంచి కార్డుల కట్ట వచ్చిందని, చాలా బాగున్నాయని అమ్మాయి చెప్పింది. నేను మాత్రం మధ్యాహ్నాలు కునుకు మానేసి, ఒక్క మనిషి కోసం నూట ముప్పై చీటీలు రాస్తున్నాను. ఇవాళ్టికి ఎనభై నాలుగు అయ్యాయి. వేలు నొప్పెడుతోంది. నొక్కి రాయకపోతే అత్తయ్యగారు ఊరుకోరు. రాసినవి రాసినట్టు తీసుకుని వెనక్కి తిప్పి తడిమి, "ఇది లేతగా ఉంది, మళ్లీ రాయి" అని మూడు తిప్పి కొట్టారు నిన్న.

వాటిని వేయడానికి అటక మీంచి పాత బిస్కెట్ల డబ్బా దింపాను. తుప్పు ముక్కు నుంచి దొరల పిల్ల గడ్డం దాకా వచ్చింది. తుడిచి బల్ల మీద పెట్టి లోపలికెళ్లొచ్చేసరికి, మా ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని కిటికీ వెలుగులో తిప్పి చూస్తున్నారు.

"దీనికి కాస్త ఏదైనా పూస్తే..."

"ముట్టుకోకండి" అన్నాను.

స్తోత్రం కూడా అనుకున్నాను, కొంచెం ఆగి.